నాడె మీద మరక

"మధ్యాహ్నం అన్నాలయ్యాక మీ వెనక గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉండేదట. లోపల ఎవరుండేవాళ్ళు?"

గీతాంజలి ఈ ప్రశ్న అడగడం రెండోసారి. కృపామణి ఒళ్ళో చేతులు పెట్టుకుని ఐసీయూ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. పక్కనే మహిళా కానిస్టేబుల్ ఆనందమ్మ, ఎవరి మాటా తనకు వినబడనట్టు గోడకేసి చూస్తోంది.

ఆ తలుపు అవతల ఉన్నది కృపామణి అత్త వరదమ్మ. అండాశయ క్యాన్సర్‌కు తిరుపతిలోని ఈ ఆస్పత్రిలోనే పోయిన నెలలో ఆపరేషన్ అయింది. తన కాళ్ళ మీదే నగరిలోని ఇంటికి వెళ్ళింది. మూడు వారాలు బాగానే ఉంది. తర్వాత చిగుళ్ళ నుంచి నెత్తురు మొదలైంది. పొట్ట ఉబ్బింది. స్ట్రెచర్ మీద మళ్ళీ ఇక్కడికే వచ్చింది. పరీక్షల్లో ఎలుకల మందు బయటపడింది. ఇంట్లో వండేది కోడలు. ఇంజెక్షన్లు వేసేదీ కోడలే. పోలీసులకు అంతకంటే పెద్దగా ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు. కృపామణి భర్త గిరికి మాత్రం నిన్న సాయంత్రం ప్రైవేట్ డిటెక్టివ్ గీతాంజలి గుర్తొచ్చింది.

"చూడమ్మా కృపామణీ, నేను నీ మనిషిని. నీ మొగుడు పిలిస్తే వచ్చాను. నాతో కూడా ఇలా ఉంటే ఎలా?"

"నేను అత్తకు ఏమీ చెయ్యలా మేడమ్మా."

"అది అడగలేదు. మధ్యాహ్నాలు ఏం చేసేవాళ్ళని అడిగాను."

"పండుకునేది."

"గడియ పెట్టుకునా?"

కృపామణి కొంగుతో పెదవులు ఒత్తుకుంది. కొంగు తీశాక దాని మీద చిన్న ఎర్ర చుక్క కనిపించింది.

"ఏమైంది నోటికి?"

"పొద్దున పండ్లు తోముకుంటాంటే బ్రష్ గీసుకునింది. ఏం లేదు."

గీతాంజలి ఇంకో దారిలో వెళ్ళింది. "మీ అత్తకు తన జబ్బేమిటో తెలుసా?"

"తెలీదు. మామ చెప్పొద్దన్నాడు. గర్భసంచిలో గడ్డ, తీసేస్తే అయిపోతాదని చెప్పినాము."

"క్యాన్సర్ అని ఆస్పత్రి బోర్డు మీదే రాసి ఉంది కదా."

"అత్తకు సదువు రాదు." ఈ మాట అనే ముందు కృపామణి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం గీతాంజలి మనసులో పెట్టుకుంది.

"ఏం మేడం, అయిందా ఇంటర్వ్యూ?"

మెట్ల దగ్గర నుంచి ఎస్సై ప్రతాప్ గొంతు. ఒకప్పుడు గీతాంజలి సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడు. ఆమె ఉద్యోగం వదిలేశాక మేడం అనడం మానలేదు గానీ ఆ మాటలో బరువు మారింది.

"టోపీ తీసేసినాక గూడా మీకు నిద్ర పట్టదు గదా. మీరు నేర్పిందే నేను చేస్తాండాను. వండినోళ్ళు ఎవురు, వడ్డించినోళ్ళు ఎవురు, మొదట అది చూడమన్నారు."

"మిగిలింది ఎవరు తిన్నారో చూడమని కూడా చెప్పాను. అది రాసుకోలేదా?"

"రాసుకున్నా మేడం, రాసుకున్నా. కులం గాదు, మతం గాదు, ప్రేమించి చేసుకున్నాడు ఆ గిరి. పెండ్లయి రెండేండ్లు ఆ అత్త ఈమెతో ఒక్క మాట మాట్లాడలా. వీధి వీధంతా చెప్తాది. వెనక గది అటక మీద ఎలుకల మందు పొట్లం దొరికింది. గడియ సంగతి అడిగితే ఈ పాప నోట్లోంచి ముత్యాలు రాలవు. ఇంగేం కావాల?"

"పొట్లం కొన్నదెవరు?"

"మామ. ఎలుకలకని ఆయనే చెప్పినాడు. ఆయన పెండ్లాన్ని ఆయనే సంపుకుంటాడా? ముప్పై ఏండ్లు కాపురం చేసి?"

"ఆమె కోడలు కాబట్టి చంపుతుంది, ఆయన మొగుడు కాబట్టి చంపడు. ఇదే కదా నువ్వు కనుక్కున్నది?"

ప్రతాప్ మొహంలో నవ్వు పోయింది. "ఈమెను తీసుకపోతాండాను. రేపు చిత్తూరు కోర్టులో మీ మనిషికి మంచి లాయర్ని పెట్టమని గిరికి చెప్పండి. దానికైతే మీ అవసరం పడొచ్చు."

"డాక్టర్‌తో మాట్లాడి వస్తాను. అంతవరకూ ఆగు."

"మీరు మాట్లాడుకోండి. జీపు నిలబడదు మేడం."

కృపామణి తనే లేచింది. వెళ్తూ వెళ్తూ గీతాంజలి వైపు తిరిగి, "అత్త కండ్లు తెరిస్తే నేను ఇంటికి పోయినానని చెప్పండి. స్టేషన్ అని చెప్పొద్దు," అంది. కొంగు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

డాక్టర్ మోనిక వరదమ్మకు ఆపరేషన్ చేసిన మనిషి. గదిలోకి పిలిచి కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టింది.

"ఇలాంటి ఆపరేషన్ తర్వాత కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అందుకని రక్తాన్ని పలచగా ఉంచే ఇంజెక్షన్ ఇంటి దగ్గర కూడా కొన్నాళ్ళు వేసుకోమంటాం. పొట్ట మీద చర్మానికి వేసేది. ఆ అమ్మాయికి నేనే నేర్పాను. సరిగ్గా వేసింది."

"ఎక్కువ వేసి ఉండొచ్చని ఎస్సై అంటున్నాడు."

"ఆ ఇంజెక్షన్ ఎక్కువైతే వేరే పరీక్ష మారుతుంది. ఈమె రక్తంలో చెడిపోయింది అది కాదు. ఎలుకల మందు చేసే పనే కనిపిస్తోంది. పైగా ఒక్కసారి మింగింది కాదు. కొంచెం కొంచెంగా, చాలా రోజులు లోపలికి వెళ్ళింది."

"ఇంట్లో అందరూ తిన్నదే ఆమె కూడా తింది. మిగతావాళ్ళకు ఏమీ కాలేదు."

"ఈమె ఒంట్లో ఇంజెక్షన్ కూడా ఉంది కాబట్టి ముందుగా పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే బయటపడటానికి ఇంకొన్ని రోజులు పడుతుంది." మోనిక కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "పొట్టలో నెత్తురు చేరుతోంది. మళ్ళీ కోయాలి. రక్తం గడ్డకట్టే స్థితికి రాకుండా కోస్తే బల్ల మీదే పోతుంది. విరుగుడు ఇస్తున్నాను. ఆ మందు ఎక్కడి నుంచి, ఎంత వెళ్ళిందో తెలిస్తే ఎంతకాలం ఇవ్వాలో నాకు తెలుస్తుంది. అది కనుక్కోండి. ఎవరు దోషి అన్నది తర్వాత."

"నాకు రెండూ ఒకటే డాక్టర్," అంది గీతాంజలి.

నగరికి వెళ్ళే దారిలో కారు ముందు సీట్లో వరదమ్మ భర్త తులసీరాం కూర్చున్నాడు. ఒళ్ళో ఖాళీ ఫ్లాస్కు. గిరిని ఆస్పత్రి దగ్గర ఉంచి, ఇల్లు చూపించమని గీతాంజలే ఆయన్ను బయల్దేరదీసింది.

"ఆ పిల్ల సెయ్యదు మేడమ్మా," అన్నాడు పుత్తూరు దాటాక. "రెండేండ్లు మాటలు లేవన్నది నిజమే. జబ్బు చేసినాక వరద ఆ పిల్లనే పిలిచేది. నీళ్ళకు గూడా. నేను పోతే, నువ్వు పో, కృపను పంపించు అనేది."

"ఎందుకలా?"

"ఆడోళ్ళు ఆడోళ్ళు. నాకేం తెలుసు."

నేతవీధిలో వాళ్ళ ఇల్లు పొడుగ్గా ఉంటుంది. ముందు పవర్‌లూమ్ షెడ్డు, మధ్యలో కాపురం, వెనక ఒక గది. ఈరోజు పవర్‌లూమ్‌లు ఆడటం లేదు. వీధిలో పక్కిళ్ళ మగ్గాల చప్పుడు మాత్రం గోడల్లోంచి వస్తోంది.

గీతాంజలి మొదట వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. జావ కాచే గిన్నె ఒక్కటే. వరదమ్మ తాగగా మిగిలింది కోడలు తాగేదని తులసీరామే చెప్పాడు. నీళ్ళ బిందె అందరిదీ. మాత్రలు మూత బిగించిన డబ్బాలో ఉన్నాయి. ప్రతాప్ మనుషులు ఇవన్నీ తీసుకెళ్ళి పరీక్షకు పంపారు. వాటిల్లో ఏమీ దొరకదని ఆమెకు అప్పుడే అనిపించింది. ఈ ఇంట్లో వరదమ్మ నోట్లోకి వెళ్ళి, మిగతావాళ్ళ నోట్లోకి వెళ్ళనిది ఏదో ఒకటి ఉండాలి. అది తిండి కాదు.

"వెనక గది చూపించండి."

గదిలో ఒక పాత చేతిమగ్గం ఉంది. దాని మీద నిలువు దారాలు, పసుపు పడుగు, బిగించి ఉన్నాయి.

"మా మగ్గాలన్నీ ఎప్పుడో తీసేసినాము. ఇది ఒగ్గటి వరద అమ్మనీలా. ఆపరేషన్‌కు ముందు ఈ చీర ఏసింది. ఎవురిదో ఆర్డరు అనింది. కొంచెం నేసి ఆస్పత్రికి పోయింది. అంతే, ఆన్నించి ఎవురూ ముట్టలా. నేను కొయ్యనీలేదు. లేచినాక తనే నేసుకుంటాదిలే అని అట్లనే పెట్టినా."

గీతాంజలి గుమ్మం దగ్గరే నిలబడి గదిని ఒకసారి చూసింది. కిటికీ చెక్క మీద దుమ్ము. ట్రంకుపెట్టె మీద దుమ్ము. వేలితో రాస్తే గీత పడింది. మగ్గం ముందు కూర్చునే పలక మీద వేలు రాసింది. వేలికి ఏమీ అంటలేదు.

"తులసీరాంగారూ, పోయి పవర్‌లూమ్ ఒకటి ఆడించండి. కాసేపు ఆడించి రండి."

ఆయనకు అర్థం కాలేదు గానీ వెళ్ళాడు. ముందు షెడ్డులో చప్పుడు మొదలయ్యాక గీతాంజలి పలక మీద కూర్చుని, పేకను బిగించే చెక్కను పట్టుకుని ముందుకు లాగి గట్టిగా కొట్టింది. మళ్ళీ మళ్ళీ కొట్టింది. ఆయన తిరిగి వచ్చాక అడిగింది.

"ఈ మగ్గం చప్పుడు వినిపించిందా?"

"ఏ మగ్గం?" అన్నాడు ఆయన.

గడియ ఎందుకు పెట్టేవాళ్ళో ఆమెకు తెలిసింది. మగవాళ్ళు షెడ్డులో ఉన్నంతసేపూ ఈ గదిలో ఎవరు నేసినా ఇంట్లో ఎవరికీ తెలియదు. మరి నేసేటప్పుడు నోట్లోకి ఏం వెళ్తుంది?

మగ్గం మీద నాడె పడి ఉంది. అరచేతి పొడవున్న నున్నటి కొయ్య, పడుగు మధ్యలో అటూ ఇటూ పరిగెత్తేది. అడ్డంగా నేసే పేక నూలు చుట్టిన కండె దాని కడుపులో కూర్చుంటుంది. పక్కనున్న చిన్న కన్నులోంచి దారం బయటికి వస్తుంది. ఆ కన్ను చుట్టూ ఎర్రగా మరక ఉంది.

"ఇదేమిటి?"

"ఆకువక్క మరక. వరద నోట్లో ఎప్పుడూ ఆకు ఉంటాది."

"ఇప్పుడూ తింటుందా?"

"యాడ. డాక్టరమ్మ వద్దనింది. ఆపరేషన్ కాడ్నించి ముట్టలా. నాకు కనపడకుండా గూడా ముట్టలా, నోరు సూస్తే తెలుస్తాది గదా."

అంటూనే ఆయన మరక వైపు చూశాడు. అది పాతది కాదు. ఆరిన అంచు మాత్రమే నల్లబడింది.

"ఆకు మరక నాడె మీదికి ఎలా వస్తుంది? నోరు దానికి తగలాలి కదా."

"తగులుతాది. కండె మార్చినప్పుడల్లా దారాన్ని ఈ కన్నులోంచి పీలుస్తాము. ఈ కాలం పిల్లోళ్ళు కొక్కీతో లాగుతారు. మా ఇండ్లల్లో పాతోళ్ళమంతా నోటితోనే. వరద అయితే సూసేలోపల పీల్చేసి ఆడిస్తా ఉంటాది."

"చేసి చూపించండి."

మగ్గం పక్కనున్న గంపలోంచి ఆయన ఒక కండె తీశాడు. నాడెలో పెట్టాడు. దారం కొసను కన్ను దగ్గర చేర్చాడు. ముప్పై ఏళ్ళ అలవాటు చేతులకు. నాడె పెదవుల దాకా లేచింది. అక్కడ ఆగింది.

గీతాంజలి ఆయన చేతినే చూస్తోంది. దారం కొసన గంజి పెళుసుగా ఎండి ఉంది. ఆయన దాన్ని చూస్తున్నాడు.

"మేడమ్మా," అన్నాడు. నాడెను కిందికి దించి, తను కూడా మగ్గం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏం పూశారు దీనికి?"

"ఎలుకలు. గంజి నూలు కోసం వస్తాయి. ఉండలు సేసి మూలల్లో పెడితే ముట్టలా. కండెలన్నీ కొరికేస్తా ఉండాయి. వరద లేచేలోపల ఏమీ మిగలదని... గంజిలో ఆ పొడి కలిపి కుంచెతో కండెలకు పూసినా. వరద ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారమే. ఎవురూ నేయడం లేదు గదా అనుకున్నా. లేచి తిరిగే నాటికి ఇవి పారేసి కొత్తవి సుట్టిద్దామనుకున్నా. ఎవురికీ సెప్పలా. సెప్పేదానికి ఏముంది, ఎలుకల మందే గదా అని."

"ఆమె దొంగతనంగా నేస్తోందని మీకు తెలియదు."

"తెలిస్తే నేను కూసోనిస్తానా? కుట్లు గూడా ఆరలేదే."

గీతాంజలి చీర వైపు వంగింది. ఒంటి పసుపు, సన్నటి ఎర్ర అంచు. ఎక్కడా పువ్వూ బుటా లేదు. ఇలాంటి చీర ఒకసారి ఆమె తన చేతులతో కట్టింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, అమ్మకు, ఆఖరుసారి. ముత్తయిదువగా పోయే మనిషికి కట్టే చీర. ఆ సంగతి తులసీరాంతో అనలేదు. చీర చుట్ట విప్పి నేతను మాత్రం చూసింది.

మొదట్లో నేత ఒకే తీరుగా, గట్టిగా ఉంది. కొంత దూరం పోయాక అదే చెయ్యి బలం తగ్గినట్టు కాస్త సడలింది. ఆ తర్వాత మారిపోయింది. ఒకచోట దారాలు ఒత్తుగా, ఒకచోట వదులుగా. అంచు వంకర పోయింది. నేత తెలియని తన కంటికే కనబడుతోంది. ఇది ఇంకో చెయ్యి. కొత్తగా నేర్చుకుంటున్న చెయ్యి.

నాడె మీద మరక కొత్తది, నెత్తుటిది. వరదమ్మ ఆస్పత్రిలో చేరి నాలుగు రోజులైంది.

గడియ పెట్టిన తలుపు వెనక ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకరు నేస్తూ, ఒకరు చూస్తూ నేర్చుకుంటూ. మొదటి మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్ళాక రెండో మనిషి ఆ పలక మీద కూర్చుంది. అత్త ఎలా పీల్చేదో అలాగే పీల్చింది.

బ్రష్ గీసుకునింది. ఏం లేదు.

గీతాంజలి ఫోన్ తీసి ప్రతాప్‌కు కలిపింది. తులసీరాం చెప్పేది అతని చెవిన కూడా పడాలని స్పీకర్ పెట్టింది.

"ఎక్కడున్నావు?"

"తిరుపతిలో కాగితాలు అయ్యేసరికి ఇంతసేపయింది. టీకి ఆగినాము, పుత్తూరులో. ఏం మేడం, దొంగ దొరికినాడా?"

"కృపామణి నోరు తెరిపించి చూడు."

"నోరు తెరవడం లేదనే గదా మన బాధ."

"ప్రతాప్. చిగుళ్ళు చూడు. ఆమె కూడా అదే మందు మింగింది. తనకు తెలియకుండా. వరదమ్మకు ఇంజెక్షన్ ఉంది కాబట్టి ముందు పడింది. ఈమెకు ఇప్పుడు మొదలైంది."

అవతల జీపు తలుపు చప్పుడు. ఆనందమ్మ గొంతు దూరం నుంచి: "సార్, ఈ కొంగు సూడండి సార్. ఇంతసేపూ మడిచి దాచిపెట్టుకోనుండాది."

ప్రతాప్ మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఎగతాళి లేదు. "మేడం, నెత్తురు ఆగడం లేదు. ఎప్పటి నుంచి అంటే చెప్పదు."

"జీపు తిప్పు. డాక్టర్ మోనికకు నేను చెప్తాను, విరుగుడు సిద్ధంగా పెడుతుంది. ఏ మందో, ఎలా వెళ్ళిందో తెలిసింది. ఇక్కడ తులసీరాంగారు చెప్తారు, తర్వాత రాసుకో. ముందు తిప్పు."

"తిప్పతాండా."

ఇంజను మోత. దాని మధ్యలో ఇంకో గొంతు దగ్గరికి వచ్చింది, సన్నగా, తడిగా.

"మేడమ్మా, వెనక గది సూసినారా?"

"చూశాను. నువ్వు మాట్లాడకు. తల ఎత్తి పెట్టుకో."

"ఇంగ జానెడే ఉండాది. ముగించిపెట్టమని అత్త ఒట్టు ఏయించుకునింది. నేను సరిగ్గా నేయలేకపోయినా." గుటక వేసిన చప్పుడు. "మామ అడిగితే ఎవురిదో ఆర్డరు అనే చెప్పండి. స్కానింగ్ కాడనే అత్తకు అంతా తెలిసిపోయింది. తనకు తెలుసని మామకు తెలిస్తే మామ తట్టుకోలేడని..."

గీతాంజలి బొటనవేలు స్పీకర్ గుర్తు మీదికి వెళ్ళింది. ఆలస్యమైపోయింది.

"సార్, కండ్లు తేలేస్తాండాది," అంది ఆనందమ్మ గొంతు. ఫోన్ తెగిపోయింది.

తులసీరాం లేచి నిలబడి ఉన్నాడు. పసుపు చీర చెరగు ఆయన చేతిలో ఉంది. గట్టిగా నేసిన చోటి నుంచి వంకర పోయిన చోటి దాకా వేలితో తడుముకుంటూ వచ్చాడు. నేత ఆగిపోయిన చోట వేలు ఆగింది.

"ఆర్డరే మేడమ్మా," అన్నాడు. "వరద అదే సెప్పింది. నేను అదే విన్నా. ఆ పిల్లను బతికించండి, పాండి."